బ్రౌన్ మీద తట్టిన పిల్ల

2010 వేసవి. నాకు ఇరవై నాలుగేళ్లు. సివిల్‌లో డిప్లొమా చేసి, గోదావరిఖని దగ్గర ఒక క్లబ్బు మైదానం పని తీసుకున్న కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేరాను. క్లబ్బు పేరు రాయను. సభ్యుల్లో డాక్టర్లు, రకరకాల సంస్థల ఇంజినీర్లు, లారీల యజమానులు ఉండేవారు. వాళ్లకు గోల్ఫ్ ఆడాలనిపించింది. ముళ్లపొదలు, రాళ్లు నిండిన జాగాలో ఆరు రంధ్రాల ఆటస్థలం తయారు చేయడం నా మొదటి పని. అక్కడ చిన్నపిల్లలకు ఆట నేర్పడం రెండో పని. ఈ రెండోది నన్ను పనిలోకి తీసుకున్న కాగితంలో లేదు. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు బాగా గుర్తున్నది, ఇప్పటికీ ఒళ్లు మండించేది అదే.

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. బంతి చివరికి పడాల్సిన రంధ్రాన్ని కప్ అంటారు. దాని చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటే అది గ్రీన్. మా దగ్గర మే నెలలో గడ్డి బతకదు. అలాంటి చోట గ్రీన్ బదులు బ్రౌన్ వేస్తారు. జల్లించిన ఇసుకలో వాడేసిన ఇంజిన్ ఆయిల్ కలిపి, పరిచి, రోలర్ నడిపి చదును చేస్తారు. సరిగ్గా అణిగిన బ్రౌన్ మీద బంతి గచ్చు మీద దొర్లినట్టు దొర్లుతుంది. లోపల ఎక్కడైనా గుల్లగా ఉంటే అక్కడికొచ్చి చతికిలబడుతుంది. పైకి మాత్రం ఏ తేడా కనిపించదు.

ఏప్రిల్ చివర్లో క్లబ్బు సెక్రటరీ గారు పిలిచి, ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు ఇరవై రోజుల సమ్మర్ క్యాంప్ పెడుతున్నామని చెప్పారు. తీరా చూస్తే సభ్యుల పిల్లలు ఏడుగురే వచ్చారు. ఏడుగురైతే ఫొటోలో పలచగా కనిపిస్తుందని, మైదానం గోడ వెనక ఉన్న గని కార్మికుల కాలనీ నుంచి ఇంకో పద్నాలుగు మందిని తీసుకురమ్మన్నారు. "గోల్ఫ్ అందరిదీ. అందరికీ ఒకటే నోటీసు పెట్టు," అన్నారు. ఆ మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పక్కన తారీఖు కూడా వేశాను.

హైదరాబాద్ నుంచి వచ్చిన కోచ్ రెండు రోజులుండి, మా ఎండ చూసి, ఒక రూల్స్ పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పెద్దవాళ్ల స్టీలు క్లబ్బులనే, అంటే బంతిని కొట్టే కర్రలనే, హ్యాక్సా బ్లేడుతో కోసి పిల్లలకిమ్మన్నాడు. అవి పొట్టివయ్యాయి గానీ బరువు తగ్గలేదు. ఆరేళ్ల పిల్లవాడు ఊపితే క్లబ్బే వాణ్ణి తిప్పి కింద పడేసింది. నేను కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు ముక్కలు తీసుకున్నాను. కొసకు వడ్రంగి చేత చెక్క దిమ్మ బిగించి, పట్టుకునే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టాను. పొడవు ఒక్కొక్కరికి విడిగా కొలిచాను. నిలబడితే నడుము దాకా రావాలి.

నేర్పే పద్ధతి కూడా కాగితం మీద పెట్టుకున్నాను. మొదటి రోజు కప్‌కు ఒక్క అడుగు దూరం నుంచే కొట్టాలి. పిల్లలు మొదటి రోజే బంతి లోపల పడ్డ చప్పుడు వినాలి. అది వింటే రెండో రోజు పిలవకుండానే వస్తారు. ఆ తర్వాత రోజుకు రెండడుగులు వెనక్కి. క్లబ్బు చేతిలో ఉన్నవాళ్లే నిలబడాలి, మిగతావాళ్లు సున్నం గీత వెనక కూర్చోవాలి. పది నిమిషాలకొకసారి నీళ్లు. కాలనీ పిల్లలకు చిర్రగోనె, అదే బిళ్లంగోడు, అలవాటు కాబట్టి మొదటి రెండు రోజులు బంతిని గాల్లోకి లేపారు. ఒక బంతి సెక్రటరీ గారి కారు మీద పడింది. దాన్ని రిపోర్టులో రాయలేదు.

ఆ పద్నాలుగు మందిలో మౌనిక ఒకతి. ఏడేళ్లు. వాళ్ల నాన్న ఓదెలు భూగర్భ గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు ఆనించే పని ఆయనది. దుంగ పెట్టే ముందు టింబర్‌మన్ పైకప్పును కర్రతో తట్టి వింటాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ తేడా వినగలిగినవాడే సాయంత్రం ఇంటికొస్తాడు.

నాలుగో రోజు మౌనిక బంతి ముందు నిలబడి, కొట్టకుండా, క్లబ్బు కొసతో బ్రౌన్ మీద అక్కడక్కడా తడుతోంది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"చూస్తున్న సార్."

"కొడుతున్నవ్ కదా."

"కొట్టి చూస్తున్న. ఈడ డొల్ల ఉన్నది. ఈడికెళ్లి పోతె బంతి ఆగుతది."

"నీకెట్ల తెలుసు?"

"మా బాపు గిట్లనే చూస్తడు. మా ఇంటి గోడ గూడ కొట్టి చూసిండు. సున్నం ఊడేకాడ జెప్పిండు, మల్ల ఆడనే ఊడింది."

తాపీతో గీకి చూశాను. జానెడు మేర ఇసుక అణగలేదు. స్పిరిట్ లెవెల్ పెట్టి, దారం కట్టి, రెండు సార్లు సరిచూసి నేను పాస్ చేసిన బ్రౌన్ అది. ఆ వారంలో ఆ పిల్ల ఇంకో రెండు చోట్ల పట్టుకుంది. తర్వాత అందరికీ నేర్పింది. కొట్టే ముందు తట్టి వినడం క్యాంపులో అలవాటైపోయింది. డాక్టరు గారబ్బాయి కార్తీక్ అయితే చెవి నేలకానించి మరీ వినేవాడు. సెక్రటరీ గారు ఒకసారి అతిథులను తెచ్చి, "మా పిల్లలు గ్రౌండును ఎట్లా స్టడీ చేస్తున్నారో చూడండి," అని చూపించారు కూడా.

పిల్లలందరి చేతులూ నల్లగా అయ్యేవి. మౌనిక తల్లి ఒకరోజు గోడ మీది నుంచి అంది, "బొగ్గు మొగడు తెస్తడు, నూనె బిడ్డ తెస్తది. సబ్బన్న నువ్వు తే సారూ."

పందొమ్మిదో రోజు సాయంత్రం పోటీ పెట్టారు. ఐదు చిన్న బ్రౌన్లు, ఒక్కోటి ఇరవై అడుగుల దూరం నుంచి, తక్కువ దెబ్బల్లో పూర్తి చేసినవాళ్లు విజేత. ఆ ఒక్కరిని హైదరాబాద్‌లో పది రోజుల పిల్లల శిక్షణకు పంపుతారు. మౌనిక పెద్దపల్లి దాటి ఎరగదు. రైల్లో కిటికీ పక్క సీటు ఎవరిస్తారని వారం నుంచి నన్నడుగుతోంది. తోడు వెళ్లడానికి ఓదెలు సెలవు కూడా రాయించుకున్నాడు.

మార్కర్ నేనే. అంటే ప్రతి దెబ్బా లెక్కపెట్టి కార్డు మీద సంతకం చేసేవాణ్ణి. ఇరవై ఒక్క మందిలో వడపోత తర్వాత చివరికి నలుగురు మిగిలారు. తట్టి చూడటం వల్ల నిజంగా దెబ్బలు తగ్గుతాయా అని నాకో సందేహం ఉండేది. అందుకని నా దగ్గర విడిగా ఉన్న షీటులో, ఎవరు ఎప్పుడు తట్టినా ఒక చుక్క పెట్టాను. మౌనిక పద్నాలుగు దెబ్బలు, ఐదు చుక్కలు. కార్తీక్ పదిహేను దెబ్బలు, నాలుగు చుక్కలు. మిగతా ఇద్దరు పిల్లలకు రెండేసి చుక్కలు. తట్టనివాళ్లు ఒక్కరూ లేరు.

సెక్రటరీ గారు కార్డు చూశారు. నన్ను పక్కకు పిలిచి ఏమీ అడగలేదు. నేరుగా మైకు తీసుకున్నారు.

"ఈ పాప ప్రతి బ్రౌన్ మీదా కొట్టి టెస్ట్ చేసింది. సర్ఫేస్‌ను పరీక్షించడం గోల్ఫ్‌లో తప్పు. అందుకని పోటీ నుంచి తీసేస్తున్నాం. విజేత కార్తీక్."

కార్తీక్ లేచి నిలబడ్డాడు. తొమ్మిదేళ్లవాడు. "అంకుల్, నేను కూడా కొట్టాను కదా," అన్నాడు.

"నువ్వు ఊరికే ఆడుకుంటూ కొట్టావు నాన్నా."

"లేదంకుల్. మౌనిక చెప్పినట్టే కొట్టి విన్నాను."

సెక్రటరీ గారు నవ్వి, "చూశారా ఎంత నిజాయితీయో," అన్నారు. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఆ నిజాయితీకి చప్పట్లు కొట్టారు. ఆ పిల్లవాడు చెప్పిన మాట మాత్రం ఒక్కరికీ వినపడలేదు. బహుమతి కప్పు వాడి చేతిలో పెట్టి ఫొటో తీశారు. వాడు ఫొటోలో కెమెరా వైపు కాక మౌనిక వైపు చూస్తున్నాడు.

షీటు నా చేతిలోనే ఉంది. రూల్స్ పుస్తకం ప్యాంటు జేబులో ఉంది. మా కాంట్రాక్టరు పని పొడిగింపు కాగితం ఆ వారమే సెక్రటరీ గారి బల్ల మీద ఉంది. నేను నోరు తెరవలేదు.

మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, అప్పుడే ఓదెలు వచ్చాడు. ఎంత కడిగినా పోని బొగ్గు గీత కనురెప్పల వెంట కాటుకలా ఉంది. మౌనిక సున్నం గీత వెనక కూర్చుని ఉంది. ఏడవడం లేదు. క్లబ్బును ఒళ్లో పెట్టుకుని ట్యూబు చుట్టు విప్పుతోంది.

"ఏమైంది తమ్మీ?"

జరిగింది చెప్పాను. ఆయన నేరుగా కుర్చీల దగ్గరికి పోయాడు. గొంతు పెంచలేదు.

"సార్, ఆ బాబు కొడితె ఆడుకునుడు, మా బిడ్డ కొడితె పరీక్షనా?"

"చూడు బాబూ, ఇది గోల్ఫ్. దీనికో పద్ధతి ఉంటుంది."

"మా పనికి గూడ ఉంటది సార్. కొట్టి సూడకుండ లోపలికి పోతె నన్ను సస్పెండు చేస్తరు."

"మీ గని వేరు, ఇది వేరు."

"వేరే సార్. మా తాన రూలు అందరికి ఒకటే."

అప్పుడు కదిలాయి నా కాళ్లు. రూల్స్ పుస్తకం తెరిచి చదివాను. ఆట మధ్యలో బంతిని దొర్లించి గానీ, నేలను గీకి గరుకు చేసి గానీ పరీక్షించకూడదని అందులో ఉంది. తట్టడం అనే మాటే లేదు. ఆ పిల్ల బంతి దొర్లించలేదు, నేల గీకలేదు. తర్వాత షీటు చదివాను. నలుగురి పేర్లు, నలుగురి చుక్కలు. తట్టడం తప్పయితే నలుగురినీ తీసేయాలి. తప్పు కాకపోతే మౌనిక పద్నాలుగు కార్తీక్ పదిహేను కన్నా తక్కువ.

"నువ్వు గ్రౌండు చూసుకోవడానికి ఉన్నావు, రూల్స్ చూసుకోవడానికి కాదు," అన్నారు సెక్రటరీ గారు.

"కార్డు మీద మార్కర్ సంతకం నాది సార్."

"ఇది మా క్లబ్బు లోకల్ రూలు."

"ఎక్కడ రాసి ఉంది సార్?"

"రేపు రాస్తావు. నువ్వే రాసి బోర్డు మీద పెట్టు."

ఆయన సరదాకి అనలేదు. ఇవాళ్టి తప్పుకు రేపు రూలు రాయమని నాకు నిజంగానే పని అప్పజెప్పారు. వెనక ఎవరో, "కప్పు ఇచ్చేశాం కదా, ఇంకా ఏంటి గొడవ," అన్నారు. ఓదెలు బిడ్డను ఎత్తుకున్నాడు. వెళ్తూ నాతో, "ఆయన మీద ఎన్నడు రూఫ్ పడలే తమ్మీ, ఆయనకెట్ల తెలుస్తది," అన్నాడు.

ఆ రూలు నేను రాయలేదు. బదులుగా క్లబ్బు కమిటీకి ఐదు అంశాలతో ఉత్తరం రాశాను. కార్డు నకలు, షీటు నకలు జతచేశాను. జవాబు రాలేదు. కార్తీక్‌ను హైదరాబాద్ పంపారు. నెలాఖరుకు నన్ను వేరే సైటుకు మార్చారు. ఇవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది క్యాంపు ఆఖరి రోజు జరిగింది.

పోటీ మర్నాడు పొద్దున మౌనిక వచ్చింది. రాదనుకున్నాను. బంతి పెట్టి, తట్టకుండా కొట్టింది. అది సగం దూరం పోయి పక్కకు తిరిగి ఆగింది. మళ్లీ పెట్టి మళ్లీ అలాగే కొట్టింది.

"తట్టి చూడు మౌనికా."

"వద్దు సార్. తప్పంట."

"తప్పు కాదు. ఆయన చెప్పిందే తప్పు."

క్లబ్బు భవనం వైపు ఒకసారి చూసింది. తర్వాత వంగి, పైపు కొసను వేళ్లతో అదిమిపట్టి, చప్పుడు బయటికి రాకుండా మెల్లగా ఆనించింది. చప్పుడు వినడానికే తట్టేది. చప్పుడు రాకుండా తట్టడం ఏడేళ్ల పిల్లకు ఒక్క సాయంత్రంలో నేర్పాం. కాళ్ల కింద నేల గట్టిదో కాదో చూసుకోవడం తప్పని, అలా చూసుకునే నాన్న తెచ్చే అన్నం తినే పిల్లకు నేర్పాం. హైదరాబాద్ పోనివ్వకపోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ మండుతుంది.

పిల్లలకు ఏ ఆటైనా నేర్పేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. రూల్స్ పుస్తకం మొదటి రోజే తల్లిదండ్రుల ముందు, కుర్చీల్లో కూర్చునేవాళ్ల ముందు, అందరికీ వినిపించేలా చదవండి. ఒకరిని తప్పు అనే ముందు అదే పని చేసిన అందరి పేర్లూ కాగితం మీద పెట్టండి. ఆ తర్వాత నేను చేసిన ప్రతి పనిలో ఇది పాటిస్తున్నాను. ఆ రోజు మాత్రం పేర్లన్నీ ఉన్న కాగితం నా చేతిలోనే ఉంది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా చదివాను.