అటక మీద దాచిన దొంగ కార్బొరేటర్

మా చిన్నప్పుడు... బాపు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే వెనక సీటు మీద నేనూ ఉండాల్సిందే. షికారుకి కాదు... కాపలాకి.

"కండ్లు తిప్పకుంట సూడు బిడ్డా. అసలు సామాను తీసి డూప్లికేట్ ఏస్తరు," అని చెవిలో చెప్పి తను బజారు పనుల మీద పోయేవాడు. నేను పాత టైరు మీద కూర్చుని మెకానిక్ చేతులనే చూస్తుండేదాన్ని.

మా బాపు ఎవరినీ నమ్మడు. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూస్తాడు. చెరుకు బండి కాటా ఎక్కితే ముల్లు ముందే నిలబడతాడు. నిజామాబాద్ మార్కెట్‌కి వెళ్లే ప్రతి పసుపు బస్తా మీదా మా ఇంటి గుర్తు వేస్తాడు... రెండు గీతలు, పక్కన ఒక చుక్క. బస్తాలు మారిపోకుండా అందరూ ఏదో ఒక గుర్తు పెట్టుకునేవాళ్లే. కానీ అదే గుర్తుని మేకుతో మోటార్‌సైకిల్ సామాన్ల మీద కూడా గీసిన మనిషి, మా ఊరు మోస్రా చుట్టుపక్కల మా బాపు ఒక్కడే.

బోధన్‌లో సత్తార్ చాచా అని మెకానిక్ ఉండేవాడు. ఒకరోజు మా కార్బొరేటర్ విప్పి శుభ్రం చేస్తున్నాడు. ఎదురుగా చెరుకురసం బండి... దాని గజ్జెల చప్పుడు. ఎంతసేపని ఓర్చుకుంటాను? వెళ్లి ఒక గ్లాసు తాగి వచ్చేసరికి పని అయిపోయింది.

బాపు వచ్చాడు. వంగి కార్బొరేటర్ కింది గిన్నె చూశాడు. ఎప్పుడూ గీసే చోట గుర్తు లేదు.

"నువ్వు సూసినవా?" అని నన్నడిగాడు.

కాపలా వదిలి పోయానని చెబితే వీపు చిట్లుతుంది. "చాచా ఏదో తీసి డబ్బల ఏసిండు," అన్నాను.

చాచా నా వైపు ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు. దొంగ కాకపోతే ఎందుకు ఊరుకుంటాడని బాపు లెక్క. బజారంతా వినేలా దొంగ అన్నాడు. మా ఊరివాళ్లు కూడా ఆ షాపు వైపు వెళ్లడం మానేశారు.

ఆ వారమే నిజామాబాద్‌లో కొత్త కార్బొరేటర్ వేయించాడు. పాతదాన్ని అక్కడి మెకానిక్ చేతే పేపర్‌లో చుట్టించి సుతిలి తాడు కట్టించాడు. "దొంగ సామాను నేను ముట్ట. పంచాయితీల సాక్ష్యం పెడ్త," అన్నాడు. పంచాయితీ జరగలేదు. ఆ మూట మాత్రం మా అటక మీదే ఉండిపోయింది. దించమని ఎవరైనా అంటే నేనే అడ్డుపడేదాన్ని.

ఇన్నేళ్లకి మొన్న ఆ కొత్తది కూడా పాడైంది. బాపు ఇంకా ఆ బండి మీదే పొలానికి పోతానంటాడు. నిజామాబాద్‌లో షాపు షాపూ తిరిగాను... ఆ మోడల్ ఎప్పుడో బంద్ అయిందన్నారు. ఒకతను "అసలుదే మేడమ్" అని ఒకటి చూపించాడు. బాపు కూతుర్ని కదా, తిప్పి చూస్తే రంగు వేలికి అంటుకుంది. ఇంట్లో పాత డూప్లికేట్ ఒకటి ఉందని చెబితే, చివరికి ఒక ముసలి షాపతను అన్నాడు... "బోధన్ల సత్తార్ భాయ్‌ని అడుగమ్మా. పాతది డూప్లికేటైనా సరే, తీస్కపో."

వేరే దారి లేక అటక మీది మూట దించి బోధన్ తీసుకెళ్లాను. ఏ మనిషి మీద సాక్ష్యమని దాచామో, ఆ మనిషి ముందే సుతిలి తెంపాను.

చాచా గడ్డం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. కార్బొరేటర్‌ని పెట్రోలు గుడ్డతో తుడిచి, అటు తిప్పాడు. గిన్నె మీద, ఇంజన్ వైపు ఉండే పక్కన... రెండు గీతలు, ఒక చుక్క.

"గీ గిన్నె ఎటు తిప్పి పెట్టినా కూసుంటది బేటా," అన్నాడు మెల్లగా. "గా రోజు ఉల్టా పెట్టిన గావచ్చు. ఇది కంపెనీ మాలే. ఇసొంటిది ఇప్పుడు జిల్లాల దొరకది."

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "చాచా, ఆ రోజు నేను సూడలే. రసం తాగనీకి పోయిన," అన్నాను.

"ఎర్కే. నువ్వు మూతి తుడుసుకుంట రాంగ సూసిన."

"మరి బాపుకు ఎందుకు జెప్పలే?"

"జెప్తే నిన్ను కొడ్తుండె గదా."

ఇంటికొచ్చి, చాచా గిన్నె సరిగ్గా తిప్పి ఇచ్చిన కార్బొరేటర్‌ని బండికి పెట్టించి, బాపుకి అంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. నమ్మలేదు. వంగి, బొటనవేలితో ఆ గీతల్ని తడిమి తడిమి చూశాడు. తర్వాత, "గుర్తు వాడే గీసిండేమో," అన్నాడు.

కానీ తెల్లారేసరికి ఇస్త్రీ బట్టలు వేసుకుని బండి పక్కన నిలబడ్డాడు. "బోధన్ నడువు. బజారంత ఇనంగ దొంగన్న గదా," అన్నాడు.

ఇప్పుడు సామాన్ల మీద ఎవరూ గుర్తులు గీయడం లేదు... చెడిపోతే పారేసి కొత్తది కొంటున్నాం. పిల్లల్ని కాపలా పెట్టే పనీ లేదు. మీ ఇంట్లోనూ ఏ అటక మీదో ఇలాంటి మూట ఉందా? ఉంటే ఒకసారి విప్పి, తిప్పి చూడండి... ఆ మనిషి ఇంకా ఉండగానే.