క్యాంప్ టూలో అరేంజ్‌మెంట్ మేడమ్

భిలాయి వెళ్లేవారికి ముందుగా ఒక మాట. కిటికీలోంచి భిలాయి అనే బోర్డు కనపడగానే సంచులు దింపుకోకండి. ఆ పేరుతో వరసగా స్టేషన్లున్నాయి. క్యాంప్ వైపు వెళ్లాలంటే పవర్‌హౌస్‌లో దిగాలి. నేను మొదటి దాంట్లోనే దిగిపోయి, వెనకాల వచ్చిన లోకల్ కోసం పడిగాపులు పడ్డాను. బీఎడ్ పట్టా చేతికొచ్చిన దగ్గర్నుంచి నా పనులన్నీ ఇలాగే తొందరగా మొదలై ఆలస్యంగా తెములుతున్నాయి.

విజయనగరంలో రాత్రి బండి ఎక్కాను. మా ఊళ్లో నాన్న తన స్నేహితుడి ఫైనాన్స్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఒకటి మాట్లాడి ఉంచారు. అంతలో భిలాయి మరోదాలో ఉండే మేనత్త ఫోన్ చేసింది. క్యాంప్ టూలో ఒక బడిలో ఇంగ్లీషు టీచరుకి కాలు విరిగిందట, దసరా దాకా ఆమె బదులు ఎవరైనా కావాలట. "సరే, దసరా దాకా చూడు. నీ వల్ల కాదనిపిస్తే వచ్చి ఆఫీసులో చేరిపో," అన్నారు నాన్న. నా వల్ల అవుతుందో లేదో నాకూ తెలియదు. అది తేల్చుకోవడానికే బయలుదేరాను.

ఎదుటి బెర్తులో భిలాయి ఉక్కు ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన. నేను టీచర్నని చెప్పగానే, "పర్మనెంటేటమ్మా?" అని అడిగాడు.

"కాదండీ. ఒకరి బదులు."

"అయితే ఠేకా అన్నమాట. మా ప్లాంట్లోనూ ఇప్పుడంతా కాంట్రాక్టోళ్లే," అని దుప్పటి ముసుగు పెట్టేశాడు. ఆయనకు వెంటనే గురక, నాకు టిట్లాగఢ్ దాటినా నిద్ర లేదు.

రాయ్‌పూర్‌లో తెల్లవారింది. అక్కడ లోకల్‌కి టికెట్టు తీసుకోవాలి, కౌంటర్ దగ్గర తోపులాట ఉంటుంది, చిల్లర సిద్ధంగా పెట్టుకోండి. పవర్‌హౌస్ బయట బండి మీద సేవ్ చల్లిన వేడి అటుకుల పోహా తిన్నాను. ఆ ఊళ్లో మొదటి సంతోషం అదే. షేర్ ఆటోలో మరోదా చేరేసరికి అత్త గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఒలమ్మా, వొచ్చీసేవా కోడలా! ఇంత పెద్ద సంచేటి? బట్టలేటి, పుస్తకాలేటి?"

రెండూ అన్నాను. సంచి మంచం కిందకు తోశాను గానీ బట్టలు తీసి బీరువాలో పెట్టలేదు. అత్త రోజూ అరలు ఖాళీ చేసి చూపించేది. నేను రోజూ సంచిలోంచే ఒక చీర లాక్కునేదాన్ని.

బడి పొద్దున్నే. మరోదా నుంచి ఒక ఆటో, మధ్యలో మారి ఇంకో ఆటో. ప్లాంట్ వాళ్ల సెక్టార్లలో వెడల్పాటి రోడ్లు, నీడ, వరసగా క్వార్టర్లు. పట్టాలు దాటి క్యాంప్ వైపు వచ్చేసరికి ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. ఒకే గది, ముందు ఒక అరుగు, అరుగు మీద సైకిలు. చాలామంది మగవాళ్లు ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికో హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీలకో పోతారు. మా బడి ఆ ఇళ్ల మధ్యలోనే ఉంది.

రాని టీచరు బదులు ఇంకొకరు వెళ్లే పీరియడ్‌ను అక్కడ అరేంజ్‌మెంట్ అంటారు. పిల్లల లెక్కలో అరేంజ్‌మెంట్ అంటే ఆట. మొదటి రోజు నేను ఐదో తరగతి గుమ్మంలో కాలు పెట్టగానే ఎవడో, "అరేంజ్‌మెంట్ మేడమ్ ఆయీ హై!" అని కేక పెట్టాడు. అప్పటినుంచి నా పేరు అదే. రావులు, నాయుళ్లు, సాహూలు, యాదవ్‌లు అందరూ హిందీలోనే గోల. నేను తెలుగులో కసిరితే తెలుగు పిల్లలే ముందు నవ్వారు.

గోలకు నేను సిద్ధపడే వెళ్లాను. నన్ను కుంగదీసింది వేరే. పాఠం పైకి చదవమని పింకీ అనే అమ్మాయిని లేపాను. వాళ్లది శ్రీకాకుళం వైపు కుటుంబం, చురుకైన కళ్లు. పుస్తకం పట్టుకుంది, వరస కింద వేలు కదులుతోంది, పెదాలు కదులుతున్నాయి. గొంతు మాత్రం లేదు. "గట్టిగా" అన్నాను. పెదాలు ఇంకొంచెం పెద్దగా కదిలాయి. ఆమె వెనక ఇంకో ఇద్దరూ అంతే. మిగతావాళ్లు చక్కగా చదివారు.

మరుసటి సోమవారానికి అది తలకిందులైంది. పింకీ గొంతెత్తి చదివింది. మొన్నటిదాకా గోడలదరగొట్టినవాళ్లు పెదాలు మాత్రం ఆడించారు. నాకు ఒళ్లు మండింది. వంతులు వేసుకుని మరీ నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. వేరే టీచర్లనడిగితే, "అరేంజ్‌మెంట్‌తో అంతే దీదీ, పట్టించుకోకండి," అన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ మాత్రం పట్టించుకుంది. రెండుసార్లు కిటికీ దగ్గర ఆగి చూసి వెళ్లింది. శుక్రవారం వచ్చి పిల్లల చేత చదివిస్తానని, ఆ తర్వాత నా సంగతి మాట్లాడుదామని చెప్పింది.

ఆ వారమంతా నేను ఒక్కచోట నిలవలేదు. ఆటో ఎక్కితే దిగాలనిపించేది, దిగితే ఎక్కాలనిపించేది. సాయంత్రాలు సివిక్ సెంటర్‌కు పోయి ఊరికే రెండు చుట్లు తిరిగి వచ్చేదాన్ని. ఫోన్లో విజయనగరం బండ్ల వేళలు చూసేదాన్ని. నాన్నకు ఫోన్ చేసి ఒప్పేసుకుందామని నంబరు నొక్కి, మోగకముందే తీసేసేదాన్ని.

గురువారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అన్నం గిన్నెలోంచి గంజి వారుస్తోంది అత్త. పక్కన కుక్కర్ బోర్లించి ఉంది.

"కుక్కర్ పాడైందా అత్తా?" అన్నాను.

అత్త గబుక్కున వేలు పెదాల మీద పెట్టుకుని లోపలి గది వైపు చూపించింది. ఆ వారం మామయ్యకు ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్. పొద్దున్నే వచ్చి పడుకున్నాడు. "నైట్ వారం కుక్కర్ పెట్టను, మిక్సీ ఎయ్యను," అంది గుసగుసగా. "ఒక్క ఈల కొట్టిందంటే ఆయన లెగిసిపోతాడు, మరి నిద్రట్టదు. కొలిమి కాడ తూలితే ఏటైపోద్ది?"

నేను చప్పుడు చేయకుండా తిన్నాను. తర్వాత మర్నాటి పాఠం సాధన చేయడానికి బీరువా ముందు నిలబడ్డాను. గట్టిగా చదవడానికి లేదు కాబట్టి పెదాలతోనే చదువుతున్నాను. బీరువా అద్దంలో నా ముఖం కనపడింది. వరస కింద వేలు, కదిలే పెదాలు, రాని గొంతు. అచ్చం పింకీ.

పుస్తకం మూసి అక్కడే కింద కూర్చుండిపోయాను. మామయ్యకు రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్నాయి. క్యాంప్‌లో ఒకే గది. తండ్రి ఆ గదిలోనే పడుకుంటే పిల్లలు అక్కడే చదవాలి, అక్కడే తినాలి, అక్కడే పోట్లాడుకోవాలి. వారం వారం షిఫ్ట్ మారుతుంది, దానితో పాటు ఏ ఇంట్లో గొంతు ఉంటుందో అదీ మారుతుంది. మామయ్య లేచి టీ అడిగేదాకా నేను కదల్లేదు. వాళ్లు నన్ను ఎగతాళి చేయలేదన్న తేలిక ఒక పక్క, శుక్రవారం ఏం చేయాలో తెలియని భయం ఒక పక్క.

మర్నాడు తరగతిలోకి వెళ్లగానే అడిగాను: "ఈ వారం నాన్నకు నైట్ ఉన్నవాళ్లు చేతులెత్తండి." చేతులు లేచాయి. అవన్నీ పెదాలు ఆడించేవాళ్ల చేతులే. ఇందులో అడగడానికేముందన్నట్టు చూశారు.

అందరినీ బయటకు నడిపించాను. బడి వెనక మైదానం, దాని అవతల గోడ, గోడ అవతల రైలు పట్టాలు. ఇళ్లు దూరం. ఒకరిని గోడ దగ్గర, ఇంకొకరిని ఈ చివర నిలబెట్టి, అక్కడ చదివింది ఇక్కడ వినపడాలి అని చెప్పాను. మొదట ఎవరూ నోరు తెరవలేదు. ఆ వారం గొంతున్న పింకీ మిగతావాళ్ల తరఫున అటూ ఇటూ చూసి, "మేడమ్, ఇక్కడ కోయీ సోయా నహీ నా?" అని అడిగింది.

"ఇక్కడెవరూ పడుకోలేదమ్మా," అన్నాను.

గోడ దగ్గరున్న సాహూ అబ్బాయి మొదలుపెట్టాడు. మొదటి వాక్యం సగం గాలికి పోయింది. రెండోది వినపడింది. అంతలో బొగ్గు వ్యాగన్ల బండి వచ్చింది. ఆగుతాడనుకుంటే, వాడు బండితో పోటీపడి మెడ నరాలు తేలేలా అరిచాడు. తప్పులతోనే చదివాడు, కానీ చివరి వ్యాగన్ పోయేదాకా వదల్లేదు. మిగతావాళ్లు మేము మేము అని మీద పడ్డారు.

ఆ గోలకు ప్రిన్సిపాల్ మేడమ్ పరుగున వచ్చింది. ఇదేం పద్ధతి, క్లాసు వదిలి ఇక్కడేం చేస్తున్నారని హిందీలో గట్టిగానే అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోగా గోడ దగ్గర నుంచి ఇంకొక పిల్ల చదవడం మొదలుపెట్టింది. ఆమె మాట ఆపి విన్నది. పేరా అయిపోయేదాకా విన్నది.

తర్వాత తన గదిలో చెప్పింది. దసరా తర్వాత పాత టీచరు వచ్చేస్తోంది, ఐదో తరగతి ఆమెకే. "మీకంటూ క్లాసు ఉండదు. ఏ రోజు ఎవరు రాకపోతే ఆ క్లాసుకు వెళ్లాలి. సంవత్సరం చివరిదాకా ఇంతే. ఉంటారో లేదో సెలవులయ్యేలోగా చెప్పండి."

తెలిసింది ఇదీ: గెలిచినా నేను అరేంజ్‌మెంట్ మేడమ్‌నే.

సెలవులిచ్చిన మర్నాడు పవర్‌హౌస్‌లో లోకల్ పట్టుకుని రాయ్‌పూర్‌లో విశాఖ పాసింజర్ ఎక్కాను. పగటి బండి, నిదానంగా పోతుంది. కానీ కాంటాబంజి తర్వాత కొండలు చూడాలంటే ఇదే ఎక్కండి. కేసింగాలో వడలు, బఠాణీల ఘుగుని దొరుకుతాయి. అత్త పులిహోర కట్టిచ్చింది. నా పక్క సీట్లో ఒకాయన ప్లాంట్ బూట్లతోనే నైట్ నుంచి నేరుగా వచ్చి, "పార్వతీపురం వొస్తే లేపమ్మా," అని చెప్పి తల వాల్చేశాడు.

రాయగడ దాటాక నాన్న ఫోన్. "ఆఫీసు వాళ్లు ఇవాళే చెప్పమంటున్నారు. ఏమంటావు? సామాన్లన్నీ తెచ్చేస్తున్నావా?"

ఏదో చెప్పాను. "వినపడటం లేదే, గట్టిగా చెప్పు," అన్నారు. మళ్లీ చెప్పాను. "హలో, హలో," అన్నారు. అప్పుడు చూసుకున్నాను. పక్కన మనిషి నిద్రపోతున్నాడని నేను పెదాలతోనే మాట్లాడుతున్నాను. ఒక్క దసరా దాకా ఉన్నందుకే భిలాయి ఇళ్ల అలవాటు నాకూ అంటుకుంది. అక్కడే పుట్టినవాళ్ల సంగతి చెప్పాలా?

లేచి తలుపు దగ్గరకు వెళ్లాను. నా ఒడిలో ఉన్న చిన్న సంచి కింద పడితే తీశాను. పెద్ద సంచి మరోదాలోనే ఉండిపోయింది. బయలుదేరే ముందు రాత్రి చీరలన్నీ అత్త ఖాళీ చేసిన అరలో సర్దాను. ఎందుకు సర్దానో అప్పుడు ఆలోచించలేదు. బయట కొండ గాలి ఒక చెవిలో, నాన్న హలోలు ఇంకో చెవిలో.

కమ్మీ పట్టుకుని బండి చప్పుడుతో పోటీపడి అరిచాను.

"తేవటం లేదు నాన్నా! అక్కడే ఉన్నాయి. నేను మళ్లీ వెళ్తాను. బడికే వెళ్తాను!"

నాన్న నెమ్మదిగా అన్నారు, "సరేనమ్మా. వినపడింది."