తొంభైతొమ్మిదికే మరిగిన నీళ్ళు

సైన్సు చదువును బాగుచేయబోయి, బంగారం లాంటి ఒక పిల్ల చదువు ఎలా నాశనం చేశానో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నేనూ సగందాకా నవ్వుతూనే చెబుతాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదువు చెప్పబోతే పోయింది. రాయపూర్‌లో ఒక హిందీ మీడియం బడిలో కొత్తగా సైన్సు మాస్టరుగా చేరాను. అక్కడ ప్రాక్టికల్ పరీక్ష అంటే గైడులోని అంకెలు బట్టీపట్టి దించడం, బయటినుంచి వచ్చిన పరీక్షకుడికి కడుపునిండా కచోరీలు పెట్టడం. నేను గైడులన్నీ లాక్కుని బీరువాలో పడేశాను. అందులో మగ్గుతున్న థర్మామీటర్లు బయటికి తీశాను. "కళ్ళతో చూసిందే రాయండి" అన్నాను, దేశానికి స్వాతంత్ర్యం నేనే ఇప్పించినట్టు. పరీక్షల ముందు ఈ వేషాలెందుకని హెడ్మాస్టరు మెల్లగా అడిగాడు. పాపం, ఆయనకు సైన్సు దృష్టి లేదని జాలిపడ్డాను.

నా మాట వేదమనుకున్నది పార్వతి. ఊళ్ళోనే గుఢియారీ పేటలో ఉండే శ్రీకాకుళం వాళ్ళమ్మాయి. తండ్రి అప్పలస్వామి రైల్వేలో గ్యాంగ్‌మన్. సాటి తెలుగువాణ్ణని ఒకరోజు నన్ను బజార్లో ఆపాడు.

"మాస్టారండీ, పిల్ల సైన్సు కాలేజీకి ఎల్తానంతంది. ఫస్టుక్లాసొస్తే పంపుతాను. రాలేదనుకోండి, పక్కూరు తిల్దాలో సంబంధముంది, అది పక్కా సేసేస్తాను. జిమ్మేదారీ మీదే."

"బాధ్యత నాదే" అన్నాను, లేని మీసం దువ్వుకుంటూ.

పరీక్షలో పార్వతికి నీళ్ళు మరిగే వేడి కొలవమని వచ్చింది. రాయపూర్ సముద్రానికి కాస్త ఎత్తున ఉంది కదా, గాలి ఒత్తిడి తక్కువ. నీళ్ళు తొంభైతొమ్మిదికే మరిగాయి. పిల్ల అదే రాసింది. పరీక్షకుడు కాగితం చూసి మొహం చిట్లించాడు. కచోరీలు కూడా నేనే వద్దన్నాను కనక ఆకలిమీద ఉన్నాడు.

పుస్తకంలో వంద ఉంది కదా అన్నాడు హిందీలో. ఉందని ఒప్పుకుంది పార్వతి. తనకు మాత్రం తొంభైతొమ్మిదే కనబడిందని, చూసిందే రాయమని మాస్టారు చెప్పారని నిబ్బరంగా జవాబిచ్చింది. ఆయన నావైపు తిరిగాడు.

ఇక్కడ మీరు గాలి ఒత్తిడి మీద నా ఉపన్యాసం కోసం ఎదురుచూస్తుంటారు. నేనూ ఎదురుచూశాను. కానీ నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"వందేనండి" అన్నాను. "పిల్ల సరిగా చూసుకోలేదు."

పార్వతి థర్మామీటరు వైపు ఇంకోసారి చూసి, తొంభైతొమ్మిది కొట్టేసి వంద రాసింది. కొట్టివేతకు ఆయన మార్కులు కోశాడు. ఫస్టుక్లాసు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. అప్పలస్వామి మాట తప్పే మనిషి కాదు.

పెళ్ళికి నన్నూ పిలిచారు. సిగ్గులేకుండా వెళ్ళాను. అక్షింతలు వేస్తుంటే పెళ్ళికూతురు తల ఎత్తకుండా అడిగింది.

"మాస్టారూ, తిల్దాలో ఎంతకి మరుగుతాయండీ?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అదే నన్ను చంపేసింది. ఆ పందిట్లోనే, హోమాగ్ని సాక్షిగా ఘోరమైన ఒట్టు పెట్టుకున్నాను: కళ్ళతో చూసింది రాయమని ఈ జన్మలో ఏ పిల్లకూ చెప్పనని. రిటైరయ్యేదాకా మాట తప్పలేదు. ఆ తర్వాత నా క్లాసులో అందరికీ నీళ్ళు వందకే మరిగాయి, ఫస్టుక్లాసులు కుప్పలుగా వచ్చాయి.