గుట్ట కింద నల్లరాయి

నా చిన్నప్పుడు ములుగు దారిలో, గుట్ట కింద ఉన్న మా చెలకలో నాన్న బావి తవ్వించాడు. ఈసారీ నీళ్లు పడకపోతే బొంబాయికి కూలికి పోతానని ఆయన అమ్మతో అంటుంటే విన్నాను. అప్పటినుంచి బడి వదలగానే బావి దగ్గరికే పరుగు. ఆటల మీద మనసెక్కడిది?

ఆరు గజాల లోతున, తెల్లరాయి మధ్యలో నల్లరాయి గోడలా నిటారుగా తగిలింది. సుత్తితో కొడితే ఉలి ఎగిరిపడేది. నాన్న తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "ఇగ బంద్ పెట్టుండ్రి" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

బావి మేస్త్రీని మేం పెద్దయ్య అనేవాళ్లం. అక్షరం ముక్క రాదు కానీ, రాయిని మాత్రం చదివేవాడు. ఆ నల్లరాయి ముక్కొకటి నా చేతికిచ్చి తడమమన్నాడు. తెల్లరాయికి ఆనుకున్న అంచు నున్నగా ఉంది, లోపలి వైపు గరుకుగా ఉంది. ఎందుకో చూద్దాం రమ్మని, అమ్మ జొన్నరవ్వతో గటక వండుతున్న పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాడు.

గటక మీద పొర కట్టింది. చూస్తుండగానే అది పగిలి, కింద కుతకుతలాడుతున్న గటక ఆ సందులోంచి పైకి తన్నుకొచ్చింది. కొంత పొర మీద పారింది, కొంత సందులోనే ఆగింది. కుండ దించాక పెద్దయ్య, సందులో ఆగిన గటక అంచును వేలితో నొక్కాడు.

"అంచుకు జల్ది గట్టిపడ్డది సూడు బిడ్డా. నడుమల నిమ్మళంగ ఆరుతది. రాయి గూడ జల్ది ఆరినకాడ నున్నగ, నిమ్మళంగ ఆరినకాడ గరుకుగ ఐతది. మన నల్లరాయి గూడ ఎన్నడో గిట్లనే కాగి, తెల్లరాయి పగుళ్లకెళ్లి పైకొచ్చింది."

తర్వాత పెద్దయ్య వెళ్లి నాన్న పక్కన కూర్చున్నాడు. "ఫికర్ జెయ్యకు తమ్మీ. గుట్టమీదికెళ్లి దిగే నీళ్లకు గీ రాయే కట్ట. దీన్ని పలగ్గొట్టద్దు. బావిలనే గుట్ట దిక్కు జరిగి తవ్వుదం."

నాన్న తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. పార అందుకున్నాడు.

నాలుగో రోజు నల్లరాయి మొదలు దగ్గర మట్టి తడిసింది. సాయంత్రానికి మోకాలి లోతు నీళ్లు. నాన్న మొదటి దోసిలి పెద్దయ్యకే పోశాడు. ఆ మనిషి తెలివికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

పెద్దదాన్నయ్యాక నేను బడిలో భూగోళం చెప్పాను. భూమి కడుపులో కరిగిన రాయి పాఠం వచ్చిన రోజు, పొయ్యీ గటక కుండా మోసుకెళ్లేదాన్ని. తోటి టీచర్లు నవ్వేవాళ్లు. పుస్తకంలో ఉన్నదంతా చెప్పాక, పుస్తకంలో లేని మాట ఒకటి కలిపేదాన్ని: ఆ రాయి మా నాన్నను బొంబాయి పోనియ్యలేదు.