సాంబారు లేని పార్సిల్

హోటల్లో కూర్చుని తింటే నేను టిప్పు ఇస్తాను. ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. సర్వరు మంచినీళ్ళు తెస్తాడు, అడిగితే చట్నీ మళ్ళీ వేస్తాడు, ఎంగిలి ప్లేటు తీస్తాడు. బిల్లుతో పాటు వచ్చే సోంపు పళ్ళెంలో చిల్లర వదిలి లేవడం మర్యాద. మరి పార్సిల్‌కి టిప్పు ఎందుకివ్వాలి? నిలబడేది నేను, మోసుకుపోయేది నేను, ఇంట్లో కంచాలు కడుక్కునేది మేము. అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక హోటల్ పార్సిల్ కిటికీ ముందు నిలబడి ఈ ప్రశ్న ఎన్నోసార్లు అడిగాను. కొన్నిసార్లు మనసులో, కొన్నిసార్లు పైకే. ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

ఫోను నొక్కితే తిండి గుమ్మంలోకి వచ్చే రోజులు కావు అవి. మా చేతుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ హోటల్లో గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకుని, వంటగది కిటికీ దగ్గర పార్సిల్ కట్టే మనిషికి ఇవ్వాలి. అతను నడివయసువాడు. భుజాన తువ్వాలు, తలపైన వేలాడే దారపుండ. కవరులో సాంబారు పోసి, మూతి మెలిపెట్టి, దారం గిర్రున చుట్టి తెంపేవాడు. పని వచ్చినవాడే, కాదనను. కాని టోకెన్ల వరసకీ అతను కట్టే వరసకీ సంబంధం ఉండేది కాదు. బెల్లం మార్కెట్లో పనిచేసే గుమాస్తా ఒకాయన నా తర్వాత వచ్చి, కిటికీ చెక్క మీద నాణెం పెట్టి, "బావా, పూరీలోకి కూర కాసింత ఎక్కువెయ్యి" అనేవాడు.

"నీకెయ్యకపోతే ఇంకెవుడికేత్తాను బావా!"

ఆయన పూరీల కింద అరిటాకు ముక్క ఉండేది. నా పూరీల కింద పాత పేపరు.

ఒకసారి ఇంటికెళ్ళి మసాలా దోశ విప్పితే లోపల కూర లేదు. ఒకసారి వడలకి చట్నీ లేదు. ఒకసారి సాంబారు కవరు ముడి వదులై, ఆదివారం ఆరాధనకి వేసుకునే నా తెల్ల చొక్కా పసుపైంది. వెనక్కి వెళ్ళి అడిగితే ప్రతిసారీ ఒకటే మాట. "రద్దీలో మర్సిపోయేనండి బాబూ." గుమాస్తాగారి కూర మాత్రం ఒక్కనాడూ మరిచిపోలేదు. అప్పటి నుంచి నేను పార్సిల్‌ని అక్కడే, అతని ఎదుటే విప్పి చూసుకోవడం మొదలుపెట్టాను. అతను మొహం ముడుచుకునేవాడు.

"నమ్మకం నేదేటండి?"

"లేదు" అనేవాణ్ణి.

ఇలా నడుస్తుండగా మా ఇంటికి ఉపవాస ప్రార్థన వచ్చింది.

మా సంఘంలో ఆడవాళ్ళు నెలకో శుక్రవారం ఎవరో ఒకరింట్లో కూడుకుంటారు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. మధ్యాహ్నం పాటలతో మొదలుపెట్టి దీపాలవేళకి ముగింపు ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత ఇంటివాళ్ళు టిఫిన్ పెడతారు. అమ్మ ఏళ్ళ తరబడి అందరిళ్ళకీ వెళ్తూనే ఉంది. మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. మాది బెల్లం మార్కెట్ వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. ముందుగదిలో సగం అమ్మ కుట్టుమిషనుకే సరిపోయేది. "నీకెందుకక్కా ఇబ్బంది" అంటూ మర్యాదగా దాటేసేవారు. ఆ మర్యాద వెనక ఏముందో అమ్మకి తెలుసు. అడగ్గా అడగ్గా చివరికి పాస్టరమ్మగారు సరేనన్నారు. ఇది సవ్యంగా జరిగితే మా ఇల్లు కూడా వరసలో చేరుతుంది. మాట వస్తే మళ్ళీ ఎవరూ ఈ గుమ్మం తొక్కరు. ఆ వారమంతా అమ్మకి ఇదే ధ్యాస.

మిషను మంచం మీదికెక్కింది. పక్కింటి చాపలు వచ్చాయి. అమ్మ కూడా ఉపవాసముండి ప్రార్థనలో కూర్చోవాలి కాబట్టి టిఫిన్ బయటి నుంచి తేవాలి. పోయిన నెల సంఘపెద్దగారి భార్య తన ఇంట్లో ఆ హోటల్ ఇడ్లీలే పెట్టిందట.

"ఆ హోటల్‌కే ఎల్లు. సాంబారు బాగుంటాది" అంది అమ్మ. "ఒరే నానా, ఆళ్ళతోటి గొడవెట్టుకోకు. ఈ ఒక్కరోజుకీ ఆ మనిషి సేతిలో ఏదో కాసింత ఎట్టు."

"పెట్టను."

"నీ ఇష్టం. ఇడ్లీలు సల్లారకుండా తే, అదే సాలు."

సాయంత్రం సైకిల్ మీద వెళ్ళాను. కార్తీకమాసం. హోటల్ కిటకిటలాడుతోంది. టోకెన్ మీద ఇడ్లీల లెక్క చూసి పార్సిల్ మనిషి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇన్ని ఇడ్లీలేటండి? పెళ్ళోరు గానీ దిగేరేటి?"

"ఉపవాసమున్నవాళ్ళు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తొందరగా కట్టు."

"అలాగా! ఆ మాట ముందే సెప్పాల కదండీ."

లోపలికి తిరిగి వంటవాడితో ఏదో అన్నాడు. నా పని తొందరగా కానిమ్మని చెబుతున్నాడనుకున్నాను. ఎన్నడూ లేని శ్రద్ధతో బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి తెచ్చి, అడుగున ఆకులు పరిచి, ఇడ్లీలు పేర్చి, మూతమూసి, పురికొసతో అడ్డంగా నిలువుగా బిగించాడు. తనే వచ్చి సైకిల్ క్యారియర్ మీద పెట్టి కట్టాడు. కట్టాక పెట్టె మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ నిలబడటం నాకు తెలుసు. నేను పెడల్ మీద కాలు వేశాను. విప్పి చూసుకునే అలవాటు ఆ ఒక్కరోజే తప్పింది. అన్ని ముళ్ళు విప్పి మళ్ళీ కట్టేసరికి ఇడ్లీలు చల్లారిపోతాయి.

నేను సందులోకి వచ్చేసరికి ముగింపు ప్రార్థన జరుగుతోంది. ఆమేన్ అన్నాక ప్లేట్లు వేశారు. వంటింట్లో పురికొస కోసి పెట్టె తెరిచి చూస్తే ఆకుల మధ్య తెల్లటి ఇడ్లీలు, ఒక పక్క చిన్న పొట్లం. పొట్లం నిండా పంచదార. సాంబారు లేదు. చట్నీ లేదు. అమ్మ పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికింది. ఇంకో పెట్టె సైకిల్ మీద ఉండిపోయిందేమో అన్నట్టు నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

ముందుగదిలోంచి సంఘపెద్దగారి భార్య గొంతు వినబడింది. "ఏటి వదినా, ఆలీసం? మా ఇంట్లో అయితే చట్నీలు ముందే ప్లేట్లలో ఏసీసేం."

అమ్మ మొహం చూడలేకపోయాను. పొద్దుటి నుంచి తిండి లేక ఎండిన పెదాలు. వాటి మీద తడి తుడుచుకుంటున్నట్టు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను సైకిల్ తీశాను. "ఒద్దురా" అని వెనక నుంచి అంటూనే ఉంది.

కిటికీ దగ్గర గుమాస్తా నిలబడి ఉన్నాడు, ఎప్పటిలాగే. నేను ఆయన్ని దాటి నిలబడ్డాను.

"సాంబారేది?"

"ఎయ్యలేదండి" అన్నాడు పార్సిల్ మనిషి, చేతిలో పని ఆపకుండా.

"మళ్ళీ మరిచిపోయావా?"

"మర్సిపోనేదండి. కావాలనే ఎయ్యలేదు."

గల్లా దగ్గర ఓనరు తలెత్తాడు. "విన్నారా? కావాలనేనట!" అన్నాను. "టిప్పు ఇవ్వలేదని పొద్దుటి నుంచి పస్తున్న ఆడవాళ్ళ కడుపు కొట్టాడు."

"ఏటి బాబూ ఆ మాట!" పార్సిల్ మనిషి దారం వదిలేశాడు. "ఉపాసమోళ్ళకని మీ నోటితోనే సెప్పేరు. కార్తీకమాసం. మా సాంబార్లో ఉల్లిపాయి, చట్నీలో ఎల్లుల్లి. కొబ్బరి చట్నీ పొద్దున్నే అయిపోనాది. ఉపాసమోళ్ళ నోట్లో ఉల్లిపాయెడితే ఆ పాపమెవుడికి? అందుకే పంచదార కట్టేను. మా ఇంటోళ్ళకి కట్టినట్టు కట్టేను."

"మాది ఆ ఉపవాసం కాదు. మేం క్రిస్టియన్స్. ప్రార్థన అయ్యాక అన్నీ తింటాం. చేపలు కూడా తింటాం."

"సేపలా!" వెనక ఎవరో పకపకా నవ్వారు. "అదేం ఉపాసంరా బాబూ, నాను కూడా ఉంటాను!"

నాకు ఒళ్ళు మండింది. "మీది మీది, మాది మాది. ఉల్లిపాయ తింటారా అని నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా?"

"తింటారని మీరొక్క మాట సెప్పొచ్చు కదండీ."

"సరే, ఇవాళ ఉపవాసం. మసాలా దోశలో కూర లేని రోజు ఎవరి ఉపవాసం?"

అతను మళ్ళీ దారం అందుకున్నాడు. "అది రద్దీ అండి" అన్నాడు.

ఉల్లిపాయ గురించి అతను చెప్పింది నిజమే కావచ్చు. అప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ అనను. కాని నిజం చెప్పినంత మాత్రాన పాతవన్నీ మాఫీ అయిపోవు. గుమాస్తా మధ్యలో దూరి "పోన్లే బావా, సాంబారు పోసి పంపీ" అన్నాడు, తన ఇంటి సాంబారైనట్టు. ఓనరు పార్సిల్ మనిషిని "అడిగి కట్టాలోయ్" అని ఒక మాట అని, నావైపు తిరిగి, "అయినా రోజూ ఇప్పి సూసుకుంటారు కదా సార్, ఇయాలేటైనాది?" అన్నాడు. తప్పు చేసినవాడికి ఒక ముక్క, నష్టపోయినవాడికి ఒక ముక్క. దానికి న్యాయమని పేరు. తిరిగి తెచ్చి ఇస్తానని మాట తీసుకుని ఒక స్టీలు క్యాన్ ఇచ్చారు. క్యాన్ నిండా పొగలు కక్కే సాంబారు సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని, ఒలక్కుండా, సగం దూరం నడిపించుకుంటూనే వచ్చాను.

సందు మొదట్లోనే నవ్వులు వినబడ్డాయి. మా ఇంట్లోంచే. గుమ్మంలో చెప్పులు తీసేసరికి ప్లేట్లు ఖాళీ అవుతున్నాయి. ప్రతి ప్లేటులోనూ ఇడ్లీ ముక్కల చుట్టూ ఎర్రటి పాకం.

నేను వెళ్ళగానే జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. మునగపాక నుంచి బస్సులో వచ్చే ముసలామె ఒకావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి పెట్టెలోకి తొంగి చూసిందట. చెరకు పండించే ఇల్లు వాళ్ళది. "ఓసి ఎర్రిదానా, దీనికా ఏడుత్తన్నావు? బెల్లముందా నేదా?" అని అడిగిందట. మార్కెట్ వెనక ఇంట్లో బెల్లం లేకుండా ఎలా ఉంటుంది? కొత్త బెల్లం, కాసిని నీళ్ళు, యాలకులు, ఉన్న కాస్త నెయ్యి. ఇడ్లీ మీద వేడిగా పోసి పెట్టారు. సంఘపెద్దగారి భార్య రెండోసారి వేయించుకుందని అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

"సాంబారు తెచ్చాను" అన్నాను గుమ్మంలో నిలబడి.

అందరూ నావైపు చూశారు. "ఇప్పుడెందుకురా నాయనా" అంది మునగపాక ముసలామె. "మా నోళ్ళు తీపైపోయేయి. నువ్వే తాగీ, ఉడుకు తగ్గుద్ది."

మళ్ళీ నవ్వులు. హోటల్లో ఒకసారి, సొంతింట్లో ఒకసారి. హోటల్లో ఏం జరిగిందో చెప్పబోయాను. ఉల్లిపాయ దాకా వచ్చేసరికి పాస్టరమ్మగారు లేచి చీర సర్దుకుంటూ, "అమ్మా, చాలా సంతోషంగా జరిగింది. వేసవి లోపల మళ్ళీ ఇక్కడ పెట్టుకుందాం" అన్నారు. అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఇంక నా ఉల్లిపాయ ఎవరికి కావాలి?

అందరూ వెళ్ళాక, "వాడు చేసింది తప్పు కాదా?" అని అడిగాను.

"పోన్లేరా. ఆడు సాంబారు ఎయ్యకపోబట్టే గదా ఇలగయినాది."

సొంత తల్లి అన్న మాట. ఆ సాంబారు నేనొక్కణ్ణే అన్నంలో పోసుకుని తిన్నాను. బాగుంది. అది ఇంకో బాధ.

అన్నట్టుగానే ఎండలు ముదరకముందే మా ఇంటి వంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అడగకుండానే వచ్చింది. అమ్మ పాకానికి అచ్చుబెల్లం ముందురోజే కొట్టి పెట్టుకుంది.

"ఇడ్లీలు ఆ హోటల్లోనే తే. సాంబారు, చట్నీ ఒద్దని సెప్పు."

"ఊళ్ళో ఇంకో హోటలే లేదా?"

"ఆ ఇడ్లీయే పాకం బాగా పీలుత్తాది. పాస్టరమ్మగారు కూడా అదే అన్నారు. ఎల్లు నానా."

వెళ్ళాను. కిటికీ చెక్క మీద టోకెన్ పెట్టి, గొంతు తగ్గించి చెప్పాను. "సాంబారు వద్దు."

పార్సిల్ మనిషి చెయ్యి ఆగింది. "ఉపాసమాండి?"

"అవును."

"చట్నీ?"

"వద్దు."

"పంచదార కట్టమంటారా?"

"వద్దు."

"అలాగేనండి" అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఒక మాట అనే వీలుండేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఆనాటిలాగే పెట్టె బిగించి, దాని మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. నేను పెట్టె తీసుకున్నాను, చిల్లర తియ్యలేదు. తిన్నగా గల్లా దగ్గరికి వెళ్ళాను.

"సాంబారు, చట్నీ తీసుకోలేదు. ఆ మేరకి రేటు తగ్గాలి కదా?"

ఓనరు నోట్లు లెక్కపెట్టడం ఆపాడు. "సాంబారు ఫ్రీ సార్. ఫ్రీగా ఇచ్చేదానికి తగ్గింపేటండి?"

"ఫ్రీ అయితే అందరికీ ఒక్కలాగే పొయ్యాలి కదా. కిటికీ మీద నాణెం పెట్టినవాళ్ళకి ఎక్కువెందుకు పోస్తున్నారు?"

"ఎనకాల జనమున్నారు సార్. కాసింత జరగండి."

అది జవాబు కాదు. అక్కడే నిలబడి జవాబు వచ్చేదాకా అడిగేవాణ్ణి. కాని పెట్టె అడుగు నుంచి వేడి అరచేతులకి తగులుతోంది. ఇంట్లో ముగింపు ప్రార్థన మొదలై ఉంటుంది. జరిగాను.