పైన ఏటీ ఉండకూడదు

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసేసరికి నేను సాల్ట్ లేక్ వెళ్లే ఆఫీసు బస్సులో ఉన్నాను. "మీ అత్త ఎల్పోనాదే పిల్లా" అన్నాడు, అంతే. నాకు ఏడుపు రాలేదు. ముందు కళ్లముందుకొచ్చింది మా పాత మేనేజరు మొహం. ఆ మనిషి నోటి నుంచి ఒక్క మాట రావాలని అత్త ఇన్నేళ్లు కాచుకుంది. వినకుండానే పోయింది. నేను పళ్లు పటపట కొరుకుతుంటే పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చుంది.

మాది ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్. తాత శ్రీకాకుళం వైపు నుంచి డాక్‌లో మూటలు మొయ్యడానికొచ్చాడు, నాన్న క్రేను నడిపాడు. ఆ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మనిషి మేనత్త. నన్ను కూడా తన కంపెనీలోకి లాక్కొచ్చి, పక్క కుర్చీలో కూర్చోబెట్టి పని నేర్పింది. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. "బాగుందంటే ఆగిపోతావు. నడు" అనేది. మరమరాల్లోకి పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ నా కోడ్ చదివేది. తప్పు దొరికితే నవ్వేది. ఆ నవ్వంటే మాకు హడల్. రేపు బంద్ అంటే ఇవాళే వచ్చి ఆఫీసు దగ్గర స్నేహితురాలింట్లో దిగిపోయేది. "జెండాలు ఆళ్లవి, పని నాది" అనేది.

ఇక ఆ పేజీ సంగతి. భవానీపూర్‌లో ఒక ఓడల ఏజెంటు ఆఫీసుండేది. ఏ కంటైనరు ఎక్కడుందో వాళ్ల మిషను అడుగుతుంది, మా వెబ్ సర్వీసు చెప్పాలి. వాళ్లకి కావాల్సింది పచ్చి ఎక్స్‌ఎమ్‌ఎల్, అంటే మిషన్లు సూటిగా చదువుకునే రాత. మా సర్వీసేమో దాన్ని ఇంకో సంచిలో చుట్టి, లోపలి గుర్తుల్ని కూడా మార్చేసి పంపేది. "చేపనియ్యిరా అంటే కాగితానికి అంటించి ఇచ్చినట్టుంది. ఆ కాగితం ఎవడు పీకుతాడు?" అంది అత్త. సర్వర్ మీద ఒక పేజీ పెట్టి, అందులో కంటికి కనబడే సరంజామా అంతా కొట్టేసింది. సర్వీసు దగ్గర సరుకు తీసుకోవాలి, సంచి విప్పాలి, ఇది ఎక్స్‌ఎమ్‌ఎల్ అని చెప్పి ఉన్నదున్నట్టు బయటికి పొయ్యాలి. అదే ఆ పేజీ పని. షరతు ఒక్కటే. మొదటి వరుసకి పైన ఏమీ ఉండకూడదు, ఖాళీ జాగా కూడా. ఉంటే అవతలి మిషను చదవనని మొండికేస్తుంది.

మా మేనేజరుకి ఒక జబ్బుండేది. ఎవరు రాసిన పేజీ అయినా సరే, బయటివాళ్లకి చూపించే ముందు పైన కంపెనీ పేరూ తన పేరూ రంగుల్లో అతికించేవాడు. అక్కడి అలవాటు ప్రకారం అన్నా అన్నట్టు దాదా అని పిలిచి, అత్త ముందే చెప్పింది.

"దాదా, ఇది మనుషులు చూసే పేజీ కాదు. పైన ఏటీ పెట్టకండి."

"ఆరే బాబా! పేరు లేకపోతే ఎవరిదని తెలుస్తుంది?" అని నవ్వేశాడు.

ఏజెంటు మనుషులొచ్చిన రోజు మీట నొక్కగానే తెర నిండా తప్పు తప్పంటూ ఎర్రక్షరాలు. గది నిండా జనం. అత్త లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లబోతే చేత్తో ఆపాడు. "ఈవిడ రాసింది. డాక్ కూలీల ఇంటి నుంచి వచ్చిన మనిషి, ఇంతకంటే ఏం రాస్తుంది?" అన్నాడు. సాయంత్రం గుట్టుచప్పుడు కాకుండా తన పేరు పీకేశాడు, పేజీ నడిచింది. అత్త ఉద్యోగం మానేసింది.

"నాకేటీ వద్దే. అందరి ముందూ అన్నాడు, అందరి ముందూ 'తప్పు నాది' అని ఆడే అనాల. అనిపిస్తాను" అంది.

ఏం చేసిందో తెలుసా? నేరుగా ఆ ఓడల ఏజెంటు దగ్గరికే వెళ్లి చేరింది. బయటి కంపెనీలు పంపే సరుకంతా పరీక్ష చేసే పని. మా కంపెనీ ఏది పంపినా ఆవిడ చేతి మీదుగా పోవాలి! చిన్న పొరపాటున్నా తిప్పికొట్టేది. మేనేజరు సెక్టర్ ఫైవ్‌లోని మా ఆఫీసు నుంచి పడుతూ లేస్తూ వచ్చి, చెక్కబల్ల మీద చెమటలు తుడుచుకుంటూ కూర్చునేవాడు. టీ ఇప్పించేది, చక్కెర లేకుండా.

"ఇంకా ఏముంది దీదీ?"

"ఏటీ లేదు దాదా. పైన ఒక ఖాళీ జాగా ఉంది."

ఇది చెప్పుకుని నేనూ అత్తా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. కానీ సరిగ్గా ఉన్నదాన్ని ఒక్కసారి కూడా ఆపలేదు. "తప్పు లేందాన్ని ఆపితే ఆడికీ నాకూ తేడా ఏటుంది?" అనేది. ఆయన అన్నిటికీ సారీ చెప్పాడు, ఆ ఒక్కదానికి తప్ప. ఆసుపత్రి మంచం మీద కూడా "వచ్చేడేటి?" అని అడిగింది. రాలేదని చెప్పాను.

సమాధుల తోటకి మాత్రం వచ్చాడు, రజనీగంధ పూల దండ పట్టుకుని. వాన పడుతోంది. పాత ఆఫీసు వాళ్లందరూ వచ్చారు. వాళ్లతో, అత్త గురించి, నాకు వినబడేలా, "నా చేతికింద పని నేర్చుకున్న పిల్ల" అన్నాడు. చూశారా ధైర్యం!

ప్రార్థన అయ్యాక మా వాళ్లు ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేస్తారు. ఆయనా వంగి మట్టి తీసుకున్నాడు. నేను గోతికి అడ్డంగా నిలబడ్డాను.

"దాదా, ముందు ఆ మాట చెప్పండి. పేజీ పైన పేరు పెట్టిందెవరు?"

"ఇప్పుడా? ఇక్కడా?"

"ఇక్కడే. ఆ రోజు గదిలో విన్నవాళ్లంతా ఇక్కడే ఉన్నారు."

నాన్న నన్ను పక్కకి లాగుతాడనుకున్నాను. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పాస్టరుగారు పుస్తకంలోకి తలదించుకున్నారు. చావు దగ్గర ఇదేం పని అంటారేమో, అనండి. చనిపోయిన మనిషి క్షమించి పోయిందని నాకెవరూ చెప్పలేదు.

ఆయన మట్టిని గుప్పిట్లో బిగించుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు. మిగతావాళ్లు ఆయన్ని తప్పించుకుని ముందుకొచ్చి మట్టి వేశారు. గొయ్యి నిండింది. చివరికి ఆయన ఆ మాట అనకుండానే గేటు వైపు నడిచాడు. డ్రైవరు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పైకెత్తి పట్టుకున్న ఆయన గుప్పిట ఇంకా మూసే ఉంది. వేళ్ల సందుల్లోంచి బురదనీళ్లు కారి తెల్లచొక్కా చేతిలోకి దిగుతున్నాయి.