సంగీతం ఆగిపోయే వీధి

2018 జూన్. సింగపూర్‌లో, పాయా లేబర్‌లోని ఒక ట్రావెల్ ఆఫీసులో నేను టూర్ మేనేజర్‌ని. అంటే చాంగీ విమానాశ్రయంలో బృందంతో పాటు విమానమెక్కి, తిరిగి అక్కడ దిగేదాకా వాళ్ళ వెంట ఉండే మనిషిని. ఆసారి జర్మనీ బృందంలో మా సిటీలోనే వుడ్‌ల్యాండ్స్ నుంచి హసీనా ఆంటీ, ఆవిడ కూతురు నఫీసా వచ్చారు. నఫీసాకు ముప్ఫై నాలుగేళ్ళు, బ్యాంకులో డిజైనర్. నాలుగో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది.

బుకింగ్ రోజు నేనడిగిన ప్రతిదానికీ ఆంటీయే జవాబిచ్చారు. "దాన్నేం అడుగుతవ్ శారదా, నాకు తెల్వదా?" నేను రాసుకుంటూ పోయాను. నఫీసా మా ఇద్దరి పెదవులూ చూస్తూ కూర్చుంది.

మా ఆఖరి మజిలీ హామెలిన్ చేరేసరికి సన్నటి జల్లు. రంగుల చెక్కల ఇళ్ళు వీధి మీదకు ఒరిగి, నిద్రలో ఉన్నట్టున్నాయి. ఎలుకలను తరిమినవాడికి ఊరివాళ్ళు మాట తప్పితే, అతను వేణువూదుతూ పిల్లలందరినీ కొండలోకి తీసుకుపోయాడన్నది ఆ ఊరి కథ. చెవులు వినపడని ఒక్క బిడ్డ మిగిలిందని కొందరంటారు.

గంటసేపు ఎవరిష్టం వాళ్ళదని బృందాన్ని వదిలాను. కాసేపటికి ఆంటీ పరుగున వచ్చారు. "నఫీసా కనబడ్తలేదు!" పేరు పెట్టి అరుస్తున్నారు. దారిన పోయేవాళ్ళంతా తిరిగి చూశారు. నఫీసా మెసేజ్‌లు చూడటం లేదు.

ఆంటీని చౌరస్తాలో ఉండమని, సందులన్నీ వెతికాను. ఒక ఇరుకు వీధి మొదట్లో పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. వాయిస్తున్నవాళ్ళు అక్కడికి రాగానే వాయిద్యాలు దించేశారు. కథలో పిల్లలు వెళ్ళిపోయింది ఆ వీధిలోంచేనట, ఇప్పటికీ అక్కడ ఎవరూ వాయించరు. తెల్లగౌను పెళ్ళికూతురు, తడిసిన రాళ్ళు, అడుగుల చప్పుడు. ఆ గుంపు మధ్యలో నఫీసా నడుస్తోంది.

నన్ను చూసి నవ్వింది. "అక్కా, ఇప్పుడు వీళ్ళంతా నాలాగే ఉన్నారు."

"అమ్మ ఎంత కంగారుపడుతోందో తెలుసా?"

"సారీ అక్కా." కాసేపు ఊరేగింపు వైపే చూసింది. "ఆ చెవిటి పిల్ల సేఫ్‌గా ఇంట్లో ఉండిపోయిందని అమ్మీ చెప్పేది. మరి ఎవరితో ఆడుకుంది? అది అమ్మీ ఎప్పుడూ చెప్పలేదు." నా వైపు తిరిగి అంది, "ఇంకో మూడు రోజులు ఇక్కడుంటాను. ఒక్కదాన్నే. కెన్ ఆ? కుదురుతుందా?"

చౌరస్తాలో ఆంటీ కూతుర్ని వాటేసుకుని ఏడ్చారు. ఉండిపోతానన్న సంగతి వినగానే నా వైపు తిరిగారు. "టికెట్ మార్చకు శారదా."

అలవాటుగా సరేననబోయి ఆగాను. నఫీసాకు ఎదురుగా నిలబడి అడిగాను, "నిజంగా ఉంటావా?"

"ఉంటాను."

వీసా గడువు సరిపోయింది. టికెట్ రీఇష్యూ చేయించాను, అంటే తేదీ మార్పించి కొత్త టికెట్ తీయించడం. తిరుగు ప్రయాణంలో ఆంటీ ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. చివరకు, "వెనకనుంచి బండొస్తే దానికి వినబడదు శారదా. ముప్ఫై ఏండ్లుగా ఇదే భయం," అన్నారు. ఆవిడ చేయి పట్టుకున్నాను.

మూడు రోజుల తర్వాత ఆంటీతో నేనూ చాంగీ వెళ్ళాను. ఎండకు కందిన ముఖంతో నఫీసా వచ్చింది. ఆంటీ తిట్టలేదు. కూతురి ఎదుట నిలబడి, "ఏం చూసినవ్? అంతా చెప్పు," అన్నారు. నఫీసా చెబుతూనే ఉంది, ఆవిడ వింటూనే ఉన్నారు.

బుకింగ్‌కి ఎవరు వచ్చినా, ఇప్పుడు నేను ప్రయాణం చేసే మనిషినే అడుగుతాను. జవాబు ఆలస్యమైతే పెన్ను కింద పెట్టి ఆగుతాను.